ఆసియాలో ఏ లీగ్? బ్రెజిల్ ఫుట్‌బాలర్ ముందున్న దారుల పోలిక

హల్క్ అనే పేరుతో ప్రపంచానికి తెలిసిన బ్రెజిల్ ఫార్వర్డ్ ఆసియాకు రెండుసార్లు వచ్చాడు. మొదటిసారి 2005లో, ఇరవై ఏళ్లు కూడా నిండకముందే జపాన్‌లోని కవాసాకి ఫ్రొంటాలేలో అడుగుపెట్టాడు. అక్కడి రెండో అంచె లీగులో టోక్యో వెర్డీ తరఫున 2007లో 37 గోల్స్ కొట్టాక పోర్టో క్లబ్ అతన్ని యూరప్‌కు తీసుకెళ్లింది. రెండోసారి 2016లో, పేరూ డబ్బూ సంపాదించుకున్నాక, రష్యాలోని జెనిత్ నుంచి షాంఘైకి దాదాపు అయిదున్నర కోట్ల యూరోల బదిలీ మొత్తానికి వచ్చాడు. ఆ రెండు రాకల మధ్య మారింది అతని వయసు, అతని అవసరం. ఆసియా నుంచి పిలుపు అందుకున్న ప్రతి బ్రెజిల్ ఆటగాడూ మొదట తేల్చుకోవలసిన విషయమూ అదే.

ఈ పోలికను ఆటగాడి పక్షాన నిలబడి రాస్తున్నాను. క్రీడా నిర్వహణ చదివి క్లబ్బుల్లోనో ఆటగాళ్ల ఏజెన్సీల్లోనో పనిచేయాలనుకునే మన యువతకు కూడా ఈ లెక్కలు ఉపయోగపడతాయి, ఎందుకంటే ఆసియా క్లబ్బులతో బేరం జరిగేటప్పుడు బల్లకు రెండు వైపులా ఉన్నవాళ్లు చూసేవి ఇవే. నా అభిప్రాయాన్ని ముందే చెబుతాను: నెల జీతం ఎంత అన్నదాని కన్నా, ఆ కాంట్రాక్టు ముగిసే రోజున ఆటగాడి ముందు ఎన్ని తలుపులు తెరిచి ఉంటాయన్నదే పెద్ద ప్రశ్న.

ముందుగా చూడవలసిన అంశాలు

మొదటిది, ఒప్పుకున్న డబ్బు చేతికి అందుతుందా అన్నది. ఫిఫా నిబంధనల ప్రకారం క్లబ్ రెండు నెలల జీతం ఎగవేస్తే, ఆటగాడు లిఖితపూర్వకంగా నోటీసు ఇచ్చి కనీసం పదిహేను రోజుల గడువు చూసి, అప్పటికీ డబ్బు రాకపోతే న్యాయమైన కారణంతో కాంట్రాక్టు రద్దు చేసుకోవచ్చు. ఈ రక్షణ నిజమైనదే. అయితే ఫిర్యాదు తేలి డబ్బు వచ్చేలోపు సీజన్ గడిచిపోతుంది, ఇరవై తొమ్మిదేళ్ల స్ట్రైకర్‌కు పోయిన సీజన్‌ను ఏ తీర్పూ తిరిగి ఇవ్వలేదు. కాబట్టి క్లబ్ యజమాని ఎవరు, అతని అసలు వ్యాపారం ఎలా ఉంది అన్నది జీతం అంకె కన్నా ముందు విచారించాలి. గల్ఫ్ దేశాల్లో జీతంపై వ్యక్తిగత ఆదాయపు పన్ను లేదు, మిగిలిన చోట్ల కాంట్రాక్టులోని మొత్తం పన్నుకు ముందా, పన్ను పోగానా అన్నది స్పష్టంగా రాయించుకోవాలి.

రెండోది, విదేశీ ఆటగాళ్ల కోటా. ఆసియాలో దాదాపు ప్రతి లీగూ ఏదో ఒక పరిమితి పెట్టింది. స్థానాలు తక్కువ కావడంతో క్లబ్బులు వాటిని గోల్ కొట్టేవాళ్లకూ, గోల్ కొట్టించేవాళ్లకూ కేటాయిస్తాయి. స్ట్రైకర్‌కు ఆసియా అంతా తెరిచిన మార్కెట్, రక్షణ శ్రేణి అంచున ఆడే ఫుల్‌బ్యాక్‌కు అందులో సగం కూడా కాదు. గోల్‌కీపర్ పరిస్థితి ఇంకా కష్టం. దక్షిణ కొరియా 1999 నుంచి 2025 వరకు విదేశీ గోల్‌కీపర్లను అసలు అనుమతించనే లేదు, ఆ నిషేధాన్ని 2026 సీజన్ నుంచి ఎత్తివేసింది.

మూడోది, అక్కడి నుంచి తర్వాత ఎక్కడికి వెళ్లవచ్చన్నది. ఇందులో ఆట ప్రమాణం, ప్రతిభ వెతికే స్కౌట్ల దృష్టి, బ్రెజిల్ జాతీయ జట్టు కోచ్ ఆ లీగును లెక్కలోకి తీసుకుంటాడా అన్నవన్నీ కలిసి ఉంటాయి. సీజన్ క్యాలెండర్ కూడా ఇందులో భాగమే: బ్రెజిల్ సీజన్ జనవరి నుంచి డిసెంబరు దాకా సాగుతుంది, గల్ఫ్ సీజన్ ఆగస్టు నుంచి మే దాకా. క్యాలెండర్ కలవని చోటి నుంచి ఇంటికి తిరిగి వచ్చేవాడు సీజన్ మధ్యలో, అలసిన కాళ్లతో కొత్త జట్టులో చేరవలసి వస్తుంది.

నాలుగోది, కుటుంబం, భాష, వైద్యం. అయిదోది, ఆ దేశపు పౌరసత్వం తీసుకునే అవకాశం. ఇది అందరికీ అవసరం లేదు, అవసరమైనవారికి మాత్రం జీవితాన్నే మార్చేస్తుంది.

| గమ్యం | జీతం | చెల్లింపు భద్రత | తర్వాతి మెట్టు | ఎక్కువగా ఎవరికి |
|---|---|---|---|---|
| జపాన్ | మధ్యస్థం నుంచి మంచిది | బలమైనది | యూరప్, గల్ఫ్, కొరియా | 18–25 ఏళ్ల వారికి, ఫామ్ వెతుక్కునేవారికి |
| దక్షిణ కొరియా | మధ్యస్థం | బాగుంది | జపాన్, చైనా | శరీర బలం ఉన్న ఫార్వర్డ్‌లకు |
| చైనా | ఒకప్పుడు అత్యధికం, ఇప్పుడు పరిమితం | క్లబ్బును బట్టి | ఇరుకైనది | స్వల్పకాలం ఆడదలచినవారికి |
| సౌదీ, గల్ఫ్ | అత్యధికం, పన్ను లేదు | పెద్ద క్లబ్బుల్లో బాగుంది | పెరుగుతోంది | 27 దాటిన పేరున్నవారికి |
| ఆగ్నేయాసియా | తక్కువ నుంచి మధ్యస్థం | క్లబ్బును బట్టి | ఆ ప్రాంతంలోనే | కొత్త ఊరిలో స్థిరపడదలచినవారికి |
| భారత్ | తక్కువ నుంచి మధ్యస్థం | ఇప్పుడు అస్థిరం | ఇరుకైనది | ముప్పై దాటిన అనుభవజ్ఞులకు, జాగ్రత్తలతో |

జపాన్: నిదానంగా ఎదగదలచినవారికి

బ్రెజిల్ ఆటగాడికి ఆసియాలో ఇంటిలాంటి చోటు ఏదైనా ఉందంటే అది జపానే. బ్రెజిల్ దిగ్గజం జీకో 1991లో, జపాన్ ప్రొఫెషనల్ లీగైన జె.లీగ్ ఇంకా మొదలుకాకముందే, సుమితొమో మెటల్స్ జట్టులో చేరాడు. ఆ జట్టే తర్వాత కషిమా యాంట్లర్స్ అయింది. 1993 మేలో జె.లీగ్ తొలి వారంలో నగోయా గ్రాంపస్‌పై కషిమా 5–0తో గెలిచిన మ్యాచ్‌లో నలభై ఏళ్ల జీకో హ్యాట్రిక్ కొట్టాడు. అతని వెనకే లియొనార్డో, జొర్జినియో కషిమాకు వచ్చారు. 1994 ప్రపంచ కప్పు గెలిచిన బ్రెజిల్ కెప్టెన్ దుంగా జుబిలో ఇవాటాలో ఆడి 1997లో లీగ్ అత్యుత్తమ ఆటగాడయ్యాడు. ఇంతటి ఆటగాళ్లు పునాది వేసిన చోట బ్రెజిల్ ఆటగాణ్ణి ఎలా చూసుకోవాలో క్లబ్బులకు తెలుసు. పోర్చుగీసు ద్విభాషిని పెట్టడం అక్కడి పెద్ద క్లబ్బుల్లో ఏనాటి నుంచో ఉన్న పద్ధతి.

క్లబ్ బయట కూడా ఒంటరితనం తక్కువే. 1908లో కసాతో మారు అనే ఓడలో మొదలైన జపనీయుల బ్రెజిల్ వలస, 1990లో జపాన్ వలస చట్టం సవరించాక వెనక్కి తిరిగింది. ఆ వలసదారుల సంతతివారు పనుల కోసం జపాన్‌కు రావడం మొదలైంది. ఇప్పుడు అక్కడ రెండు లక్షలకు పైగా బ్రెజిల్ పౌరులు ఉన్నారు. హమమత్సు వంటి పారిశ్రామిక నగరాల్లో పిల్లలకు పోర్చుగీసు బడులూ, వంటింటికి కావలసిన బ్రెజిల్ సరుకుల దుకాణాలూ దొరుకుతాయి. జట్టులో ఫామ్ పోవడానికి భార్యాపిల్లల దిగులు ఎంత కారణమవుతుందో ఆటగాళ్లకు తెలిసినంతగా ఏజెంట్లకు తెలియదు, అందుకే ఈ అంశాన్ని నేను జీతంతో సమానంగా చూస్తాను.

చెల్లింపుల విషయంలో లీగ్ లైసెన్సు పద్ధతి ఆటగాడికి అండ. వరుసగా మూడేళ్లు నష్టాల్లో ఉన్న క్లబ్, అప్పులు ఆస్తులను మించిన క్లబ్ లైసెన్సు పోగొట్టుకునే ప్రమాదంలో పడేలా ఆ నిబంధనలు రూపొందాయి. దానితో క్లబ్బులు తాహతుకు మించిన జీతాలు ఇవ్వవు, ఇస్తామన్నది మాత్రం ఇస్తాయి.

ఆటపరంగా జపాన్ రెండు రకాల వారికి మేలు చేసింది. మొదటి రకం హల్క్ వంటి యువకులు. మార్సియో అమొరోజో కూడా కుర్రతనంలో వెర్డీలో గడిపి, తిరిగి వెళ్లి, 1994 బ్రెజిల్ లీగులో అత్యధిక గోల్స్ కొట్టినవారిలో ఒకడయ్యాడు, తర్వాత ఇటలీలోనూ జర్మనీలోనూ అదే ఘనత సాధించాడు. రెండో రకం, దారి తప్పిన ప్రతిభావంతులు. 2012 ఒలింపిక్స్‌లో అత్యధిక గోల్స్ కొట్టిన లియాండ్రో దమియావో ఆ తర్వాత బ్రెజిల్‌లో ఏళ్ల తరబడి తడబడ్డాడు. 2019లో కవాసాకికి వచ్చి, 2021లో 23 గోల్స్‌తో లీగ్ అత్యుత్తమ ఆటగాడయ్యాడు.

ఇక్కడి లోటు కూడా చెప్పాలి. ఆటలో వేగం, క్రమశిక్షణ ఎక్కువ, బంతి తన దగ్గర లేనప్పుడు పరుగెత్తని ఫార్వర్డ్‌ను కోచ్‌లు బెంచీపై కూర్చోబెడతారు. బ్రసీలియాకూ టోక్యోకూ సరిగ్గా పన్నెండు గంటల తేడా, ఇంటికి ఫోను చేయాలన్నా ఒకరి నిద్ర చెడవలసిందే. 2026–27 నుంచి జె.లీగ్ కూడా ఆగస్టులో మొదలై మరుసటి ఏడాది ముగిసే క్యాలెండర్‌కు మారుతోంది. యూరప్ వైపు చూసేవాడికి ఇది లాభం, బ్రెజిల్‌కు తిరిగి వెళ్లాలనుకునేవాడికి కొత్త ఇబ్బంది.

దక్షిణ కొరియా: గోల్స్ లెక్కే పరిచయపత్రం

కొరియా లీగులో డిఫెండర్లు బలంగా ఢీకొంటారు, ఆట నేరుగా సాగుతుంది. ఎత్తూ దారుఢ్యమూ ఉన్న స్ట్రైకర్‌కు ఒక్క సీజన్ చాలు, ప్రాంతమంతా పేరు తెలుస్తుంది. 2018లో గ్యొంగ్నం తరఫున 26 గోల్స్ కొట్టి అత్యుత్తమ ఆటగాడైన మార్కావో మరుసటి ఏడాదే చైనాకు వెళ్లాడు. 2020లో ఉల్సాన్ తరఫున 27 మ్యాచ్‌ల్లో 26 గోల్స్ కొట్టి, ఆసియా క్లబ్బుల పోటీ అయిన ఆసియా చాంపియన్స్ లీగ్ ఫైనల్లో రెండు గోల్స్‌తో కప్పు తెచ్చిపెట్టిన జూనియర్ నెగ్రావో కూడా ఆ వెంటనే చైనా దారే పట్టాడు. నిలకడ కోరుకునేవారికి ఇంకో నమూనా ఉంది: సెజీనియా 2016లో దేగు ఎఫ్‌సీలో చేరి దాదాపు పదేళ్లు అక్కడే ఉండి ఆ నగరపు సొంత ఆటగాడైపోయాడు. అయితే జపాన్‌లో ఉన్నంత పోర్చుగీసు వాతావరణం ఇక్కడ ఉండదు, కుటుంబంతో వచ్చేవారు ఇది గుర్తుంచుకోవాలి.

చైనా: పాత ధరలను నమ్మి వెళ్లకూడదు

చైనా గురించి ఏజెంట్లు ఇప్పటికీ 2016 నాటి కథలు చెబుతుంటారు. ఆ కథలు నిజమే, కాలమే మారిపోయింది. 2017 జనవరిలో ఆస్కార్ చెల్సీ నుంచి షాంఘైకి దాదాపు ఆరు కోట్ల పౌండ్లకు వెళ్లినప్పుడు అతనికి ఇరవై అయిదేళ్లు. ఎనిమిదేళ్లు అక్కడే ఉండి మూడుసార్లు లీగ్ గెలిచాడు, అంతులేని సంపద కూడబెట్టాడు. బ్రెజిల్ సీనియర్ జట్టులో మాత్రం 2015 తర్వాత ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. డబ్బు కోసం వెళ్లాడని అతన్ని నిందించడం నాకు సమ్మతం కాదు, తన కుటుంబ భవిష్యత్తును తాను నిర్ణయించుకునే హక్కు అతనిది. కాకపోతే ఇరవై అయిదేళ్ల వయసులో ఆ నిర్ణయానికి చెల్లించే మూల్యం ఇంత ఉంటుందని ముందే తెలిసి సంతకం చేయాలి.

అన్నీ మూసుకుపోతాయని కూడా అనలేం. పౌలీనియో గ్వాంగ్‌ఝౌ నుంచి 2017లో నాలుగు కోట్ల యూరోలకు బార్సిలోనాకు వెళ్లాడు. రెనాటో అగుస్తో బీజింగ్ గువోఆన్‌లో ఆడుతూనే 2018 ప్రపంచ కప్పుకు ఎంపికై బెల్జియంపై గోల్ కొట్టాడు. ఈ ఇద్దరికీ జాతీయ జట్టు కోచ్ తితే అంతకుముందే కొరింథియన్స్‌లో కోచ్‌గా ఉన్నాడు, వాళ్ల ఆట అతనికి కొట్టిన పిండి. అలాంటి నమ్మకం లేనివాడు వీళ్లను చూపించి ధైర్యం తెచ్చుకోవడం పొరపాటు.

2017లో పెద్ద విదేశీ బదిలీలపై నూటికి నూరు శాతం సుంకం వచ్చింది. 2020 చివర్లో విదేశీ ఆటగాడి వార్షిక జీతానికి పన్నుకు ముందు ముప్పై లక్షల యూరోల పరిమితి పెట్టారు. అంతకన్నా గట్టి హెచ్చరిక క్లబ్బుల నుంచే వచ్చింది: 2020లో లీగ్ గెలిచిన జియాంగ్సు, యజమాని సంస్థ చేతులెత్తేయడంతో, కప్పు అందుకున్న కొన్ని నెలలకే మూతపడింది. అలెక్స్ తెషేరా కోసం ఒకప్పుడు అయిదు కోట్ల యూరోలు పెట్టిన క్లబ్ అదే. ఆసియా చాంపియన్స్ లీగును రెండుసార్లు గెలిచిన గ్వాంగ్‌ఝౌ కూడా, దాన్ని పోషించిన స్థిరాస్తి సంస్థ ఎవర్‌గ్రాండ్ అప్పుల్లో మునిగాక, 2025 జనవరిలో కనుమరుగైంది.

సౌదీ, గల్ఫ్: డబ్బూ ఉంది, ఇప్పుడు ఆటా ఉంది

గల్ఫ్‌కు బ్రెజిల్ ఆటగాళ్లు కొత్తవారు కాదు, రివెలీనో 1978లోనే సౌదీ క్లబ్ అల్ హిలాల్‌లో చేరాడు. 2023లో సౌదీ ప్రభుత్వ పెట్టుబడి నిధి నాలుగు పెద్ద క్లబ్బుల్లో మెజారిటీ వాటా తీసుకోవడంతో లెక్క పూర్తిగా మారింది. 2025 క్లబ్ ప్రపంచ కప్పులో అల్ హిలాల్ మాంచెస్టర్ సిటీని 4–3తో ఓడించిన రాత్రి, అదనపు సమయంలో గెలుపు గోల్ కొట్టింది శాంటోస్‌లో పెరిగిన ఇరవై రెండేళ్ల మార్కోస్ లియొనార్డో. గోల్‌కీపర్ బెంతో అల్ నసర్‌కు వెళ్లాక కూడా బ్రెజిల్ జట్టు పిలుపు అందుకున్నాడు. కాబట్టి సౌదీకి వెళ్తే కెరీర్ ముగిసినట్టే అన్న పాత మాట ఇప్పుడు చెల్లదు.

ప్రమాదం మరో చోట ఉంది. అక్కడి పెద్ద క్లబ్బులు కోటా కన్నా ఎక్కువమంది విదేశీయులను కొనగలవు, కొన్నాక పక్కన పెట్టగలవు. రోబెర్తో ఫిర్మీనోను అల్ అహ్లీ 2024–25 రెండో సగంలో దేశీయ లీగ్ జాబితా నుంచి తొలగించింది. నెలల తరబడి వారం వారం ఆట లేకుండా, కేవలం ఆసియా చాంపియన్స్ లీగ్ మ్యాచ్‌ల కోసమే అతను సిద్ధంగా ఉండవలసి వచ్చింది. మే 3న జెద్దాలో కవాసాకిపై జరిగిన ఫైనల్లో రెండు గోల్స్‌కూ బంతి అందించి, టోర్నీ అత్యుత్తమ ఆటగాడిగా నిలిచాడు. ముప్పై మూడేళ్ల వయసులో, యూరప్‌లో అన్నీ గెలిచిన మనిషి కాబట్టి అతను ఆ అవమానాన్ని మింగి నిలబడగలిగాడు. అదే ఇరవై రెండేళ్ల కుర్రాడికి జరిగితే ఒక ఎదుగుదల సంవత్సరం మట్టిలో కలిసినట్టే. తొమ్మిది కోట్ల యూరోలకు అల్ హిలాల్‌కు వచ్చిన నెయ్‌మార్ గాయంతో ఏడు మ్యాచ్‌లే ఆడి 2025 జనవరిలో శాంటోస్‌కు తిరిగి వెళ్లాడు. జీతం ఆగకపోయినా పోయిన కాలం పోయినట్టే.

యూఏఈది వేరే దారి. ఫాబియో లిమా 2014లో దుబాయ్‌లోని అల్ వస్ల్‌లో చేరి, అక్కడే ఉండిపోయి, 2020లో పౌరసత్వం పొందాడు. 2024 నవంబరులో ప్రపంచ కప్పు అర్హత పోటీలో ఖతార్‌పై నాలుగు గోల్స్ కొట్టాడు. సౌదీ వెలుగుల పక్కన ఈ దారి చిన్నదిగా కనిపిస్తుంది కానీ, ఒక మధ్యస్థాయి ఆటగాడికి దీన్ని మించిన మంచి కెరీర్ ఆసియాలో అరుదు.

ఆగ్నేయాసియా: రెండో మాతృభూమి దొరికే చోటు

మారన్యావో రాష్ట్రం నుంచి వచ్చిన రఫాయెల్సన్ కథ చూడండి. బ్రెజిల్‌లో అతని పేరు ఎవరికీ తెలియదు. వియత్నాంలో క్లబ్బులు మారుతూ ఎదిగి, 2023–24లో నమ్ దిన్ తరఫున 31 గోల్స్‌తో లీగ్ గెలిపించాడు. న్గుయెన్ జువాన్ సన్ పేరుతో ఆ దేశ పౌరుడయ్యాడు. ఆగ్నేయాసియా కప్పులో అయిదు మ్యాచ్‌ల్లో ఏడు గోల్స్ కొట్టి, 2025 జనవరి 5న బ్యాంకాక్ ఫైనల్లో కాలు విరిగి స్ట్రెచర్‌పై బయటికి వెళ్లాడు. వియత్నాం గెలిచింది, ఆ దేశమంతా అతన్ని సొంత బిడ్డలా చూసుకుంది.

వంశమూలాలు లేనివాడు కొత్త దేశానికి ఆడాలంటే పద్దెనిమిదేళ్లు నిండాక అక్కడ అయిదేళ్లు నివసించి ఉండాలన్నది ఫిఫా నిబంధన. దీనికి అడ్డదారులు చూపించేవారికి దూరంగా ఉండాలి. తాతల జన్మ పత్రాలు నకిలీవంటూ మలేసియా జట్టుకు ఆడిన ఏడుగురు విదేశీ జన్ములపై ఫిఫా 2025లో పన్నెండు నెలల నిషేధం ప్రకటించింది. ఇక థాయిలాండ్‌లో బురిరాం, మలేసియాలో జొహోర్, ఇండోనేసియాలో పెర్సిబ్ వంటి పెద్ద క్లబ్బులకూ, ఆ లీగుల్లోని చిన్న క్లబ్బులకూ మధ్య వ్యత్యాసం చాలా ఎక్కువ. దేశం పేరు చూసి కాకుండా క్లబ్ పేరు చూసి ఒప్పుకోవలసిన ప్రాంతం ఇది.

భారత్: ప్రేమ దొరుకుతుంది, హామీ అడగాలి

మోహన్ బగాన్ అభిమానులు హోసె బరెట్టోను ఇప్పటికీ తలుచుకుంటారు. ఇండియన్ సూపర్ లీగ్ తొలి ఏడాది, 2014లో, అత్యధిక గోల్స్ కొట్టింది చెన్నైయిన్ ఆటగాడు ఎలానో. మన హైదరాబాద్ ఎఫ్‌సీకి కూడా ఇందులో గర్వించదగిన పేజీ ఉంది: 2022 మార్చి 20న గోవాలోని ఫతోర్దాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి కప్పు ఎత్తిన జట్టుకు కెప్టెన్ బ్రెజిల్ మిడ్‌ఫీల్డర్ జువావో విక్టర్. ఆ తర్వాత ఏడాదిన్నరకే అదే క్లబ్ జీతాల బకాయిల ఫిర్యాదులతో ఫిఫా నుంచి ఆటగాళ్ల నమోదు నిషేధం ఎదుర్కొంది. 2023–24 సీజన్ మధ్యలోనే విదేశీ ఆటగాళ్లలో ఎక్కువమంది వెళ్లిపోయారు, జట్టు అట్టడుగున నిలిచింది, 2025లో పేరు మార్చుకుని ఢిల్లీకి తరలిపోయింది. గచ్చిబౌలిలో ఆ జట్టును చూసినవారికి ఇది చేదు జ్ఞాపకం. వాణిజ్య హక్కుల ఒప్పందం వివాదంతో 2025–26 సీజన్ కూడా సకాలంలో మొదలుకాలేదు.

వైద్యం విషయంలోనూ గతం గుర్తుంచుకోవాలి. 2004 డిసెంబరులో బెంగళూరులో జరిగిన ఫెడరేషన్ కప్పు ఫైనల్లో, గోవా క్లబ్ డెంపోకు రెండో గోల్ కొడుతూ గోల్‌కీపర్‌ను ఢీకొన్న బ్రెజిల్ ఆటగాడు క్రిస్టియానో జూనియర్ ప్రాణాలు కోల్పోయాడు. ఆసియాలో ఎక్కడికి వెళ్లినా, మైదానం పక్కన అంబులెన్సు, ఆగిన గుండెకు షాక్ ఇచ్చే డిఫిబ్రిలేటర్, శిక్షణ పొందిన వైద్యులు ఉంటారా అని అడగడానికి ఏ ఆటగాడూ మొహమాటపడకూడదు.

ఎవరికి ఏది

ఇరవై రెండేళ్లలోపు వాడికి, జపాన్ నుంచీ పైన చెప్పిన మరో చోటి నుంచీ దాదాపు సమాన జీతంతో పిలుపులు వస్తే, జపాన్‌నే ఎంచుకోమంటాను. అది రెండో అంచె లీగైనా సరే. వారం వారం ఆట దొరకడం ఆ వయసులో డబ్బు కన్నా విలువైనది. సౌదీ నుంచి మూడింతల జీతంతో పిలుపు వస్తే లెక్క కష్టమవుతుంది. ఆ క్లబ్ తనను కోటాలో ఖాయంగా నమోదు చేస్తుందని రాతపూర్వకంగా ఒప్పుకుంటే వెళ్లవచ్చు, లేకపోతే ఆగడమే మేలు.

ఇరవై అయిదు నుంచి ఇరవై ఎనిమిది మధ్యవాడు తనను తాను నిజాయితీగా ప్రశ్నించుకోవాలి. జాతీయ జట్టు ఆశ నిజంగా ఉంటే చైనా వద్దు. ఆ ఆశ తీరిపోయిందని తెలిసినవాడికి కొరియా, యూఏఈ మంచి మధ్యేమార్గాలు. ముప్పై దాటి పేరున్నవాడికి గల్ఫ్, పేరులేనివాడికి ఆగ్నేయాసియాలోని పెద్ద క్లబ్. చిన్నపిల్లలున్నవాడికి, వయసు ఎంతైనా, జపాన్ తర్వాతే మరేదైనా. భారత్‌కు వచ్చేవాడు ఒక్క సీజన్ కాంట్రాక్టుతో, జీతంలో కొంత భాగం ముందుగా చేతికి వచ్చేలా ఒప్పందం చేసుకుని రావాలి. లీగ్ నిలదొక్కుకుంటే పొడిగించుకోవచ్చు.

సంతకానికి ముందు కాంట్రాక్టులో నాలుగు విషయాలు వెతకాలి: జీతం ఏ కరెన్సీలో, ఏ తేదీన అన్నది, గాయపడితే చికిత్స ఎవరి ఖర్చు, ఏ దేశంలో అన్నది, లీగ్ జాబితా నుంచి తొలగిస్తే ఉచితంగా వేరే క్లబ్‌కు వెళ్లే హక్కు ఉందా అన్నది, వివాదం వస్తే అది ఫిఫా ముందుకు వెళ్తుందా, స్థానిక కోర్టుకా అన్నది. ఇంగ్లిషు ప్రతికీ స్థానిక భాష ప్రతికీ తేడా వస్తే ఏది చెల్లుతుందన్న వాక్యం సాధారణంగా చివరి పేజీలో ఉంటుంది. పోర్చుగీసు తెలిసిన సొంత లాయరుకు ఆ పేజీ చూపించకుండా కలం పట్టకూడదు.